పనివారి వేగానికి అంకె వేయడం: మూడు రోజుల రేటింగ్ శిక్షణపై సమీక్ష

విశాఖ ప్రాంతంలోని ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. గత సంవత్సరం మా విభాగం నుంచి నలుగురం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కన్సల్టెన్సీ నిర్వహించిన పర్ఫార్మెన్స్ రేటింగ్ శిక్షణకు వెళ్లాము. రుసుము ఫ్యాక్టరీయే కట్టింది. సంస్థ పేరు రాయడం లేదు కానీ, ఇటువంటి శిక్షణకు మనుషులను పంపదలచినవారికి అందులోని మంచీ చెడ్డా తెలియాలని ఇది రాస్తున్నాను.

ఒక పనికి ఎంత సమయం పట్టాలో కొలిచే టైమ్ స్టడీలో స్టాప్‌వాచ్ చూపించే సమయంతో పని పూర్తికాదు. ఆ సమయంలో ఆపరేటర్ ఏ వేగంతో పనిచేసిందో చూసేవాడు తన కంటితో అంచనా కట్టి ఒక అంకె వేయాలి, అదే రేటింగ్; 100 అంటే ప్రామాణిక వేగం. గమనించిన సమయాన్ని ఆ అంకెతో హెచ్చించి వందతో భాగిస్తే సాధారణ సమయం వస్తుంది, దానికి అలసట వంటి వాటి కోసం అదనపు సమయం (అలవెన్సు) కలిపితే ప్రామాణిక సమయం వస్తుంది. వాచీని ఎవరైనా సరిచూడగలరు, కంటిని సరిచూసేవారే ఉండరు. ఈ శిక్షణ ఆ పని చేస్తుంది, అందులో చాలావరకు నెగ్గింది కూడా.

మొదటి రోజు నడకతోనూ పేకముక్కలతోనూ గడిచింది. బ్రిటిష్ స్కేలు ప్రకారం గంటకు 6.4 కిలోమీటర్ల నడక 100, 4.8 కిలోమీటర్ల నడక 75; అలాగే 52 ముక్కలను 0.375 నిమిషంలో, అంటే 22.5 సెకన్లలో పంచితే 100. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. చేతులు ఎగరేస్తూ, ప్రతి ముక్కనూ బల్లకేసి కొడుతూ పంచిన ఒక సహోద్యోగికి నేను 95 వేశాను. వాచీలో సరిగ్గా 30 సెకన్లు, అంటే 75. తరువాత చడీచప్పుడు లేకుండా, మణికట్టు కూడా పెద్దగా కదపకుండా పంచిన మరొకతనికి 90 వేశాను. అతనికి పట్టింది 20 సెకన్లే, అంటే 112 పైమాటే. తొమ్మిదేళ్లుగా లైన్ మీద నేను హడావిడికి మార్కులు వేస్తున్నానని ఆ పది నిమిషాల్లో అర్థమైంది.

అసలు విలువ రెండో రోజుది. వేర్వేరు వేగాల్లో తీసిన వీడియోలు చూపించి, మేము వేసిన అంకెలను అసలు అంకెల ఎదురుగా గ్రాఫ్ మీద గుర్తించారు. ఒకరి గీత మొదటి నుంచి చివరి దాకా పైనే ఉంది, అంటే అందరికీ ఎక్కువ వేసే లూజ్ రేటింగ్. మరొకరిది నిటారుగా లేచింది, అంటే నెమ్మదిగా చేసేవారికి మరీ తక్కువ, చురుకుగా చేసేవారికి మరీ ఎక్కువ. నాది చాపలా పరుచుకుంది. నెమ్మదిగా చేసేవారికి ఎక్కువ, చురుకుగా చేసేవారికి తక్కువ వేస్తూ అందరినీ వంద దగ్గరికి లాగుతున్నాను. దీన్ని ఫ్లాట్ రేటింగ్ అంటారు. దాని ఫలితం ఎంతటిదో ఆ రాత్రి గదిలో లెక్క వేసుకున్నాను. ఒకే ఆపరేషన్‌ను 120 వేగంతో చేసే అమ్మాయికి 0.40 నిమిషం, 80 వేగంతో చేసే అమ్మాయికి 0.60 నిమిషం పడుతుందనుకుందాం. సరిగ్గా రేటింగ్ వేస్తే ఇద్దరి దగ్గరా సాధారణ సమయం 0.48 వస్తుంది, 15 శాతం అలవెన్సుతో ఎనిమిది గంటల టార్గెట్ 869 పీసులు. నా కన్ను ఆ వేగాలను 105గా, 90గా చూసిందంటే, మొదటి అమ్మాయి పక్కన నిలబడినప్పుడు టార్గెట్ 993 అవుతుంది, రెండో అమ్మాయి పక్కన నిలబడినప్పుడు 772 అవుతుంది. బాగా పనిచేసే మనిషి దగ్గర స్టడీ చేస్తే లైనంతటికీ శిక్ష పడుతుందన్నమాట.

ఇక లోపాలు. నడకకూ పేకముక్కలకూ సరైన జవాబు లెక్క ప్రకారం వస్తుంది. ఫ్యాక్టరీ వీడియోలకు మాత్రం ‘సరైన’ రేటింగ్ అంటే అనుభవజ్ఞులు కొందరు వేసిన అంకెల సగటు. ఆ కొందరు ఎవరు, వారి మధ్య తేడా ఎంత అని అడిగితే శిక్షకుడు నవ్వి తరువాతి స్లయిడ్‌కు వెళ్లిపోయారు. ఇది చిన్న ప్రశ్న కాదు. వీడియోలు కూడా పెట్టెల ప్యాకింగ్, డ్రిల్లింగ్ వంటివే, కుట్టుపనిది ఒక్కటీ లేదు. కాలర్ వేసే ఆపరేటర్ నేర్పంతా రెండు పొరలను తీసి, అంచులు కలిపి, బట్టను అదిమిపట్టే ప్రెజర్ ఫుట్ కిందికి చేర్చడంలో ఉంటుంది. సూది నడిచే సమయం అందులో కొంచెమే. నైపుణ్యం, శ్రమ వంటివాటికి పట్టిక చూసి అంకెలు వేసే 1927 నాటి వెస్టింగ్‌హౌస్ పద్ధతి పట్టికలకు మాత్రం ఒక పూట మొత్తం కేటాయించారు, అది గంటలో ముగించదగినది.

రేటింగ్ అవసరం లేకుండా చలనాల పట్టికలతో సమయం కట్టే ఎంటీఎం 1948లోనే వచ్చింది, కుట్టుపనికి అటువంటిదే జీఎస్‌డీ (జనరల్ సూయింగ్ డేటా) ఉంది, ఇక ఈ శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మేమూ కొత్త స్టైల్‌కు సామ్ (ప్రామాణిక సమయం, నిమిషాల్లో) జీఎస్‌డీ నుంచే తీస్తాము. కానీ టార్గెట్ అందడం లేదని లైన్ నుంచి ఫిర్యాదు వచ్చినప్పుడు వాచీ పట్టుకుని వెళ్లక తప్పదు.

అక్కడ పనికొచ్చింది శిక్షణలో పదే పదే చేయించిన ఒక అలవాటు: వాచీ చూడకముందే రేటింగ్ రాసేయడం. సమయం ముందు చూస్తే అంకె దానికి తగ్గట్టు తనంతట తానే సర్దుకుంటుంది. తిరిగి వచ్చిన వారంలో కఫ్ సెక్షన్‌లో ఒక ఆపరేటర్, “సార్, మీరు గడియారంతో వస్తే మా చేతులు బరువెక్కుతాయి” అంది. బరువెక్కిన చేతులకు 80 అని నిజంగా వేయగలిగితే ఆమెకూ నష్టం లేదు, ఫ్యాక్టరీకీ నష్టం లేదు.

శిక్షణ తరువాత మళ్లీ పరీక్ష లేదు, సర్టిఫికెట్‌కు గడువు లేదు. నాలుగు నెలలకు పేకముక్కలతో సరిచూసుకుంటే నా గీత మళ్లీ పడుకోవడం మొదలుపెట్టింది. అందుకే ఒక కట్ట కొని విభాగం బీరువాలో పెట్టాము (గేటు దగ్గర సెక్యూరిటీవారికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది), నెలకొకసారి నలుగురం రేటింగ్ వేసి పోల్చుకుంటున్నాము. మీ వాళ్లను పంపేముందు, మీ లైన్‌లో తీసిన వీడియోల మీద సాధన చేయిస్తారా అని నిర్వాహకులను అడగండి. మేము అడగలేదు, మూడో రోజు మధ్యాహ్నం వేరే బృందం తమ వీడియోలు తెచ్చి చేయించుకుంటుంటే వెనక వరుసలో కూర్చుని చూశాము.