కొత్త నాటికలు: బరంపురంలో పదకొండేళ్లు ఆడి చూశాక

ఒడిశాలోని మా బరంపురంలో తెలుగువాళ్లకి ఉగాది అంటే పొద్దున పచ్చడి, సాయంత్రం నాటిక. పదకొండేళ్లుగా ఆ నాటిక ఎంచడం, నేర్పడం, ఆడించడం నా పని. సంక్రాంతికి, దసరాకి ఆడినవి కూడా కలిపితే ఇప్పటికి పద్నాలుగు. మొదటి మూడూ పాతవి, పేరు మోసినవి. తర్వాతి పదకొండూ ఇప్పుడు రాస్తున్నవాళ్లవి, ఆంధ్రలో నాటక పరిషత్తుల పోటీల్లో ఆడుతున్నవి. ఇన్నేళ్లు వాడి చూశాక చెబుతున్నాను: మీ ఊళ్లో నాటిక వేయాలనుకుంటే, రాసినవాళ్లు ఫోన్ ఎత్తే నాటిక వేయండి.

పాతవాటి మీద నాకు చిన్నచూపు లేదు. మేం మొట్టమొదట ఆడింది గణేశ్ పాత్రో 'కొడుకు పుట్టాల'. ఆయన పార్వతీపురం వైపు మనిషి, మాకు పొరుగూరి లెక్క. ముందు వరసల్లో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వెనక నిలబడ్డ కుర్రాళ్లు మాత్రం అదంతా తమ తాతల ఇంటి గొడవ అన్నట్టు చూశారు. వాళ్ల ఇంటి గొడవ వేదిక మీదికి రావాలంటే ఇప్పటి మనిషి రాసింది కావాలి అనిపించింది.

అలా నాలుగో ఏడు ఒక కొత్త నాటిక తీసుకున్నాం. కథ చిన్నది. పల్లెలో తల్లీ, ఇంటర్ చదివే కూతురూ. కొడుకు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్లాడు. ఇంటికి ఫోన్లు చేస్తుంటాడు, అంతా బాగుందంటాడు. ఆ అబద్ధం ఎలా బయటపడిందన్నదే నాటిక. చదవగానే నచ్చింది. కానీ మా గంజాం జిల్లా నుంచి కుర్రాళ్లు వెళ్లేది సూరత్, మరమగ్గాల మీదికి. లక్షల మంది వెళ్లారు, ఇంకా వెళ్తూనే ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ రైళ్లు తిరిగొచ్చినప్పుడు మా వీధిలో ఒక్కడైనా వచ్చి దిగని ఇల్లు లేదు. హైదరాబాదు వాచ్‌మన్ మాకు ఎంత మంచివాడైనా పరాయివాడే.

జంకుతూనే రచయితకి ఫోన్ చేశాను. మార్చనివ్వరేమో అనుకున్నాను. ఆయన ముప్పావుగంట నన్ను ప్రశ్నలడిగారు. షిఫ్టు ఎన్ని గంటలు? పన్నెండు. ఎక్కడ పడుకుంటారు? మెస్ గదుల్లో, వంతుల వారీగా. పగటి షిఫ్టువాడు లేచిన చోట రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకుంటాడు. గది పెద్దదేనా? మగ్గం చప్పుడులో ఒకళ్ల మాట ఒకళ్లకి వినబడుతుందా? నాకు తెలియనివి ఉంటే తెలిసినవాళ్లని కనుక్కుని చెప్పాను. వారం తిరక్కుండా అరపేజీ కొత్తగా రాసి పంపారు. అందులో కొడుకు ఫోన్లో చెల్లెలితో అంటాడు: "నేను లేచిన చాప చల్లారక ముందే ఇంకొకడు పడుకుంటాడే. అమ్మకి చెప్పకు."

తల్లి వేషం వేసినావిడ మగ్గాల వీధిలో పుట్టిన మనిషి. బరంపురం పట్టు నేసే దేరాలు ఒకప్పుడు రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాళ్లే. మొదటి రిహార్సల్లో ఆ మాట వినగానే ఆవిడ తన డైలాగు మర్చిపోయి అలా నిలబడిపోయింది. అందివ్వబోయి నేనే ఆగిపోయాను. ప్రదర్శన రోజు ఆ మౌనాన్ని అలాగే ఉంచాం. హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అయిపోయాక మాకు ముక్కూముఖం తెలియని ఒకామె వేదిక వెనక్కి వచ్చి, కొడుకు వేషం వేసిన కుర్రాడి చెయ్యి పట్టుకుని "తిన్నావా బాబూ" అని అడిగి వెళ్లిపోయింది. చనిపోయిన రచయిత ఎంత గొప్పవాడైనా ఆ అరపేజీ రాసి పంపలేడు కదా.

మా పిల్లల్లో సగం మందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లిష్. డైలాగులు ఒడియా లిపిలో రాసుకుంటారు. ఆ నాటికలో చెల్లెలి వేషం వేసిన అమ్మాయి నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒడియాలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. 'మెడ' అని రాసుకుంటే 'మేడ' అని చదువుతుంది, 'కొడుకు' కాస్తా 'కోడుకు' అవుతుంది. చివరి దృశ్యంలో "నా మెడకి ఉరి బిగించినట్టుంది" అనాలి. మూడు రోజులు "మేడకి" అనే అంది. చివరికి పొట్టి అక్షరాల మీద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టమన్నాను. ఇప్పుడు మా బృందంలో అందరి పుస్తకాల్లోనూ ఆ ఎర్ర చుక్కలుంటాయి. ఇంట్లో అనే మాటలాగే రాసిన వాక్యమైతే చుక్క కూడా అక్కర్లేదు. కన్ను తప్పు చదివినా నోరు సరిచేసుకుంటుంది. పాత గ్రాంథిక వాక్యంలో ఆ అవకాశం లేదు. కొత్త నాటికల్లో నాకు బాగా పనికొచ్చినది ఇదే. ఇక్కడికి దగ్గర్లోనే, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం ఎందుకంత పోరాడారో రిహార్సల్లో కూర్చుంటే అర్థమవుతుంది.

మా యాసలోకి మార్చుకోవడం కూడా అడగాలి. "ఏంటమ్మా ఇది" అన్న చోట "ఏటమ్మా ఇది" అనుకుంటామంటే ఏ రచయితా కాదనలేదు. ఒకరైతే "మీవాళ్లు ఇంకా ఏమేం అంటారో రాసి పంపండి" అన్నారు.

ఇక నచ్చనివి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి మన నాటకం చాలావరకు పోటీల్లోనే పెరిగింది. 1998లో నంది నాటకోత్సవాలు మొదలయ్యాక సాంఘిక నాటికకి గౌరవం ఇంకా పెరిగింది. మంచిదే. కానీ పోటీకి రాసిన నాటికలో న్యాయనిర్ణేతల కోసం రాసిన ఐదు నిమిషాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఎక్కువగా చివర్లో ఉంటాయి. కథ అయిపోయాక ముఖ్యపాత్ర ముందుకొచ్చి జనం వైపు తిరిగి ఉపన్యాసం ఇస్తుంది. మా దగ్గర అక్కడే కుర్చీలు కదలడం మొదలవుతుంది. మావాళ్లకి ఓపిక లేక కాదు, ప్రహ్లాద నాటకం తెల్లవార్లూ కూర్చుని చూసే జిల్లా ఇది. అప్పటిదాకా కళ్ల ముందు జరిగినదాన్నే మళ్లీ విడమరిచి చెబితే వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది.

అందుకని గంట నాటికని నలభై ఐదు నిమిషాలకి కుదిస్తాం, ముందుగా ఆ ఉపన్యాసం దగ్గరే. రచయితని అడగకుండా ఒక్క వాక్యం కూడా తీయం. ఒకాయన ఒప్పుకోలేదు, ఆ ముగింపు కోసమే నాటిక రాశానన్నారు. ఆ ఏడు అది వదిలేసి వేరేది వేశాం. ఆయన మాట ఆయనది.

రెండో బాధ ఆడపాత్రలు. ఐదు పాత్రల నాటికలో ఒక్క ఆడమనిషి, ఆవిడ పని కంట తడి పెట్టుకోవడం. పోటీలకి వెళ్లే బృందాలకి ఆడ ఆర్టిస్టులు దొరకడం కష్టం కాబట్టి అలా రాస్తారని తెలుసు. మా దగ్గర మాత్రం మగవాళ్ల కంటే ఆడవాళ్లే ముందుగా రిహార్సల్‌కి వస్తారు, వాళ్లకి ఇవ్వడానికి వేషాలు ఉండవు. విదేశాల్లో పిల్లలు, ఇక్కడ ఒంటరి తల్లిదండ్రులు అన్న కథలు కూడా కట్టలు కట్టలుగా వస్తున్నాయి. అందులో ఒకటి మేమూ ఆడాం, బాగానే ఆడింది. ఇక చాలు.

ప్రతులు దొరకడం గురించి కూడా చెప్పాలి. దుకాణంలో కొనుక్కునే సరుకు కాదిది. పరిషత్తులు జరిగే ఊరు వెళ్లి చూసి, నచ్చితే బృందాన్నో రచయితనో అడగాలి. ఇచ్ఛాపురం దాటాక ఎక్కడ పోటీలు జరిగినా ఏటా మేం ఒకరిద్దరం వెళ్తాం. కొందరు ఫోన్లో ఫైలు పంపుతారు. పాత డీటీపీ ఫాంటులో ఉంటే మన దగ్గర తెరిచినప్పుడు అక్షరాలన్నీ పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ముద్రించిన కాగితాల ఫొటోలు తీసి పంపమనడమే మేలు. పారితోషికం గురించి చాలామంది నోరెత్తరు. మేం వెయ్యినూటపదహార్లు పంపి, కరపత్రం మీద పేరు పెద్ద అక్షరాల్లో వేస్తాం. అడగలేదు కదా అని ఊరుకోకండి.

సెట్టు చూసి కూడా ఎంచుకోవాలి. పోటీ బృందాలు మడత సెట్లు వ్యాన్‌లో వేసుకుని తిరుగుతాయి. మాకు రెండు నులక మంచాలు, ఒక తలుపు. ఇంటి వసారా దాటని కథ అయితే హాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, నాలుగు పాత్రలకి మించనిది, ఇద్దరు ఆడవాళ్లకి గట్టి వేషాలున్నది వెతకండి. గొంతెత్తి ఒకసారి చదివించండి. చదువుతున్నవాళ్లు తమకి తెలియకుండానే మీ ఊరి యాసలోకి జారిపోతే అది మీ నాటికే. అప్పుడు రచయితకి ఫోన్ చేయండి, రిహార్సల్ మొదలుపెట్టాక కాదు.

వచ్చే ఉగాదికి రెండు చదువుతున్నాం. ఒకదాంట్లో మనవరాలు నానమ్మకి అక్షరాలు నేర్పుతుంది. మా దగ్గరైతే అది తిరగబడాలి, ఇక్కడ తెలుగు అక్షరం వచ్చింది నానమ్మకే. అదే రచయిత్రితో చెప్పాను. రెండు రోజులు టైమ్ ఇమ్మన్నారు.