ఈమాక్స్‌లో పైథాన్ మోడ్: ఏళ్ల వాడకం తర్వాత

ఈమాక్స్ అనే కోడ్ ఎడిటర్‌తో పాటే వచ్చే పైథాన్ మోడ్‌ని (పైథాన్ ఫైళ్లకి రంగులు, ఇండెంట్ చూసుకునే భాగం) ఏళ్ల తరబడి, జీతం కోసం రాసే కోడ్ మీదే వాడుతున్నాను. బాగుంది. ఆ బాగుండే స్థితికి చేరేదాకానే తలనొప్పి. ఆఫీసులో కొత్తగా మొదలుపెట్టినవాళ్లు "పనిచేయట్లేదు" అని వచ్చినప్పుడు చూస్తే, దాదాపు ప్రతిసారీ మోడ్ నిక్షేపంగా ఉంటుంది. నడుస్తున్నది ఏ మోడ్, అది పిలుస్తున్నది ఏ పైథాన్ అన్న రెండు సంగతులే వాళ్లకి తెలియవు.

ముందు మోడ్ సంగతి. ఈమాక్స్‌లో ఉండే పైథాన్ ఫైలు ఒకటి, విడిగా ప్యాకేజీగా దొరికే పాతది ఇంకొకటి. రెండూ తమ మోడ్‌కి పెట్టుకున్న పేరు ఒక్కటే. ఒకే వీధిలో ఇద్దరు సుబ్బారావులుంటే ఉత్తరం ఎవరికి చేరుతుందో, మీ సెట్టింగు కూడా అంతే. లోపల వచ్చేదాన్ని 2013లో, 24.3 వెర్షన్‌కి, పూర్తిగా తిరగరాశారు. అందులో వేరియబుల్స్ దాదాపు అన్నీ 'పైథాన్-' అని మొదలవుతాయి, విడి ప్యాకేజీవి 'పీవై-' అని. ఎక్కడో దొరికిన 'పీవై-' సెట్టింగుని లోపలి మోడ్ కోసం పెడితే ఎర్రర్ రాదు, ఏమీ జరగదు. ఎవరూ చదవని వేరియబుల్‌కి విలువ ఇస్తే ఈమాక్స్ సెట్టింగుల భాష లిస్ప్ అభ్యంతరం చెప్పదు మరి.

2023లో 29వ వెర్షన్ ట్రీ-సిట్టర్‌ని (కోడ్ నిర్మాణాన్ని విడమరిచి చదివే లైబ్రరీ) లోపలికి తెచ్చాక మూడో సుబ్బారావు దిగాడు: పైథాన్-టీఎస్-మోడ్. దీనికి మారగానే పాత హుక్‌లో (మోడ్ మొదలవగానే నడిచే పనుల జాబితాలో) పెట్టుకున్నవన్నీ చడీచప్పుడూ లేకుండా ఆగిపోతాయి, ఎందుకంటే పైథాన్-మోడ్-హుక్‌ని ఇది నడపదు. రెండు మోడ్‌లకీ ఉమ్మడి తల్లి పైథాన్-బేస్-మోడ్. హుక్ దానికి తగిలిస్తే ఏ మోడ్‌లో ఉన్నా పనిచేస్తుంది. ఇక గ్రామర్, అంటే ట్రీ-సిట్టర్‌కి పైథాన్ వ్యాకరణం చెప్పే ఫైలు, విడిగా దించి కాంపైల్ చేసుకోవాలి. మరీ కొత్త గ్రామర్ దించితే, ఈమాక్స్ వాడే పాత ట్రీ-సిట్టర్ లైబ్రరీ దాన్ని వెర్షన్ కుదరలేదని తోసిపుచ్చుతుంది. అప్పుడు గ్రామర్ల చిరునామాలుండే జాబితాలో పాత ట్యాగు (వెర్షన్ గుర్తు) పేరు రాసి మళ్లీ దించుకోవాలి. నా మట్టుకు పైథాన్ కోసం ఇంత శ్రమ దండగ. కొన్నాళ్లు వాడి మామూలు మోడ్‌కే తిరిగొచ్చాను. టైప్‌స్క్రిప్ట్ సంగతి వేరు, దానికి ఈమాక్స్‌లో ఉన్నదే టీఎస్ మోడ్.

అసలు గండం పాత్, అంటే ప్రోగ్రాములని ఎక్కడ వెతకాలో చెప్పే ఫోల్డర్ల జాబితా. టెర్మినల్‌లో పైథాన్ దొరుకుతుంది, ఈమాక్స్‌లో దొరకదు. మ్యాక్‌లో డాక్ మీద నొక్కి తెరిస్తే మీ షెల్ ఫైళ్లలో రాసుకున్న పాత్ ఈమాక్స్‌కి అందదు. లైనక్స్‌లో మెనూ నుంచి తెరిచినా చాలాసార్లు ఇదే తంతు. ఆల్ట్-కోలన్ నొక్కి ఎగ్జిక్యూటబుల్-ఫైండ్‌తో పైథాన్3 ఎక్కడుందో అడగండి. నిల్ (ఏమీ లేదు) అని వస్తే దొంగ దొరికినట్టే. ఎగ్జెక్-పాత్-ఫ్రమ్-షెల్ అనే చిన్న ప్యాకేజీ దీనికి మందు.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా ఉంచుకునే పైథాన్, దాని ప్యాకేజీలు) దగ్గర ఇంకో మెలిక ఉంది. పక్కన టెర్మినల్‌లో యాక్టివేట్ చేస్తే అప్పటికే తెరిచి ఉన్న ఈమాక్స్‌కి ఏమీ తెలియదు. సరేనని పైథాన్-షెల్-వర్చువలెన్వ్-రూట్ పెడితే, లోపల నడిపే పైథాన్ షెల్ మాత్రమే బాగుపడుతుంది. ఎగ్లాట్ అనే ఈమాక్స్ భాగం లేపే, కోడ్‌లో తప్పులు చూపే లాంగ్వేజ్ సర్వర్‌కి అది పట్టదు. అందుకే షెల్‌లో ఇంపోర్ట్ చక్కగా నడుస్తున్నా ఫైలులో అదే లైను కింద ఎర్ర గీత కనబడుతుంది. పైవెన్వ్ అనే ప్యాకేజీతో యాక్టివేట్ చేస్తే రెండూ సర్దుకుంటాయి గానీ మార్పు ఈమాక్స్ అంతటికీ వర్తిస్తుంది. రెండు మూడు ప్రాజెక్టులు ఒకేసారి తెరిచి ఉంచే అలవాటు నాది. కాబట్టి ఫోల్డర్‌ని బట్టి ఎన్విరాన్‌మెంట్ మార్చే డైరెన్వ్‌తో కలిసి ఒక్కో బఫర్‌కి (తెరిచిన ఫైలుకి) విడిగా పనిచేసే ఎన్వ్‌ఆర్‌సీ ప్యాకేజీ దగ్గర ఆగాను, కదల్లేదు.

ఖాళీ ఫైలు తెరవగానే ఇండెంట్ ఊహించలేకపోయాను, 4 వాడుతున్నాను అని ఓ సందేశం వస్తుంది. పట్టించుకోనక్కర్లేదు. ఐపైథాన్ అనే ఇంకో పైథాన్ షెల్‌ని పెడితే ప్రాంప్ట్ దగ్గర పిచ్చి గుర్తులు రావచ్చు, సింపుల్-ప్రాంప్ట్ ఆప్షన్ ఇస్తే పోతాయి.

మనవాళ్లకే తగిలే చిక్కు ఒకటుంది. 2020లో 27వ వెర్షన్ అక్షరాలని కలిపి చూపే హార్ఫ్‌బజ్ లైబ్రరీ తెచ్చాక తెలుగు ఒత్తులు చక్కగా కనబడుతున్నాయి, కామెంట్లు హాయిగా రాసుకోవచ్చు. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టొచ్చు. పిల్లలకి నేర్పేటప్పుడు నేను పెడతాను. కానీ 'ఫైల్‌లు' లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి ఆనని ఓ విడదీసే అక్షరం ఉంటుంది. పైథాన్ 3.12 దాకా వెర్షన్లు దాన్ని పేరులో ఒప్పుకోవు. స్క్రీన్ మీద చూస్తే పేరు శుభ్రంగా ఉంటుంది, వాటిలో నడిపితే సింటాక్స్ ఎర్రర్. ఎర్రర్‌లో 200సి అన్న కోడ్ కనబడితే ఇదేనని గుర్తుపట్టండి. కంట్రోల్-ఎస్ నొక్కి, కంట్రోల్-ఎక్స్ 8 ఎంటర్ కొట్టి, 200సి ఇస్తే దాక్కున్న చోటు దొరుకుతుంది.

ఏది చెడినా ముందు ఈమాక్స్‌ని మైనస్ పెద్ద క్యూ ఆప్షన్‌తో, అంటే మీ సెట్టింగులేవీ లేకుండా తెరిచి చూడండి. అక్కడ బాగుంటే గొడవ మీ ఇనిట్ ఫైలులో (సెట్టింగులు రాసుకునే ఫైలు) ఉంది. సగం సగం తీసేస్తూ వెతికితే అరగంటలో తేలుతుంది. విండోస్‌లో సి కంపైలర్ లేనివాళ్లు మాత్రం ట్రీ-సిట్టర్ జోలికి పోకుండా మామూలు మోడ్‌తో ఉండిపోవడమే నయం.