వికీపీడియాలో కొత్తవాళ్లకి ఏ సాయం మేలు: పాఠమా, మనిషా, చేతికిచ్చే పనా?

వికీపీడియాలో ఖాతా తెరిచినవాళ్లలో చాలామంది ఒక్క దిద్దుబాటు కూడా చెయ్యకుండానే వెళ్లిపోతారు. ధైర్యం చేసి ఒక మార్పు చేసినవాళ్లు కూడా, దాన్ని ఎవరో వెనక్కి తిప్పేస్తే తరచూ మళ్లీ కనిపించరు. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007లో గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత ఏళ్ల తరబడి తగ్గింది. ఎందుకని పరిశోధకులు వెతికితే ఒక ముఖ్యమైన కారణం బయటపడింది. చెత్త రాతల్ని ఆపడానికి పెట్టిన ఆటోమేటిక్ పరికరాలు, మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్ల మార్పుల్ని కూడా తీసేస్తున్నాయి. కొత్తవాళ్లకి సైట్‌లోనే సాయం అందే ఏర్పాటు చెయ్యాలన్న ఆలోచన అప్పటినుంచే బలపడింది. సహాయం పేజీలు, పాఠం, మనిషి, చేతికిచ్చే పని: ఈ నాలుగింటిలో ఏ రూపంలో అన్నదే ప్రశ్న.

సహాయం పేజీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పని మొదలుపెట్టి, ఒకచోట ఆగి, ఫలానా సందేహంతో వచ్చినవాళ్లకి అవి పనికొస్తాయి. ఇంకా మొదలుపెట్టనివాళ్లు వాటిని తెరవరు. 2019లో చెక్, కొరియన్ వికీపీడియాల్లో ఆ పేజీల లింకుల్ని దిద్దుబాటు పెట్టె పక్కనే ఒక చిన్న ప్యానెల్‌లో పెట్టారు. అయినా అంతమాత్రాన ఎక్కువమంది రాయడం మొదలుపెట్టారని తేలలేదు.

పాఠం సంగతి ఇంకా ఆసక్తికరం. ఇంగ్లిష్ వికీపీడియాలో 'ద వికీపీడియా అడ్వెంచర్' అనే ఆట లాంటి శిక్షణ ఉంది. ఏడు అంచెలు, మధ్యమధ్యలో బ్యాడ్జీలు, సొంత ప్రయోగశాల పేజీల్లో భయం లేకుండా దిద్దుకునే వీలు. ఆడినవాళ్లకి నచ్చింది, బాగుందని మెచ్చుకున్నారు. కానీ ఆహ్వానం అందినవాళ్లనీ అందనివాళ్లనీ పోల్చి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ తర్వాత వాళ్లు చేసిన రచనల్లో తేడా కనిపించలేదు. నాకు ఇందులో పెద్ద విషయమే ఉందనిపిస్తుంది. కొత్తవాళ్లు వచ్చింది నేర్చుకోవడానికి కాదు, ఏదో ఒకటి సరిచెయ్యడానికి. తన ఊరి పేజీలో జనాభా లెక్క తప్పుగా ఉందని చూసి వచ్చినవాళ్లకి ఏడు అంచెల శిక్షణ ఇస్తే, అది ఎంత బాగున్నా వాళ్ల పని మాత్రం జరగలేదు. పైగా మార్పు తీసేసినప్పుడు మనసుకి కలిగే బాధకి ప్రయోగశాలలో మందు లేదు.

ఆ మందు మనిషి దగ్గర ఉంది. 2012లో ఇంగ్లిష్ వికీపీడియాలో, కొత్తవాళ్లు ప్రశ్నలు అడిగే చోటుగా 'టీహౌస్' పెట్టారు. ఎంత చిన్న ప్రశ్న అడిగినా విసుక్కోకుండా, నిబంధనల పేర్లతో బెదిరించకుండా జవాబివ్వడం అక్కడి పద్ధతి. దానికి ఆహ్వానం అందుకున్నవాళ్లు ఎక్కువ కాలం నిలిచారని 2018 నాటి పరిశోధన చూపించింది. తర్వాత వచ్చిన మెంటర్ (కొత్తవాళ్లకి దారి చూపే అనుభవజ్ఞుడైన వాడుకరి) పద్ధతిదీ ఇదే దారి. మెంటర్లుగా ముందుకొచ్చినవాళ్లు ఉన్న వికీల్లో కొత్త ఖాతాకి ఒక మెంటర్ పేరు కనిపిస్తుంది, అడిగిన ప్రశ్న నేరుగా ఆయన చర్చ పేజీకి వెళ్తుంది. దీని బలహీనత కూడా మనిషే. జవాబివ్వాల్సినవాళ్లు పదిమందైనా లేనిచోట రెండు వారాలు ఉలుకూపలుకూ లేకపోతే, అసలు అడిగే వీలే లేనిదానికంటే ఎక్కువ నష్టం.

ఇక నాలుగోది: చిన్న పని చేతికిచ్చి, సాయాన్ని ఆ పనిలోనే కలపడం. ఖాతా తెరవగానే కనిపించే పేజీలో 'ఈ వ్యాసంలో అచ్చుతప్పులు సరిచెయ్యండి', 'ఇక్కడ మూలం చేర్చండి' అంటూ తేలికైనవి చూపిస్తారు. 2021లో అరబిక్, బెంగాలీ వంటి నాలుగు వికీల్లో మొదలైన 'లింకు చేర్చడం' ఇంకా సులువు. ఏ మాటకి లింకు ఇవ్వొచ్చో యంత్రం సూచిస్తుంది, అవునో కాదో మనిషి తేలుస్తాడు. దీని చెల్లెలు లాంటిదే ఎడిట్ చెక్. మూలం లేకుండా కొత్త పేరా రాసి ప్రచురించబోతే, 'దీనికి ఆధారం ఉందా?' అని అప్పుడే అడుగుతుంది. పరీక్షల్లో, ఈ ప్రశ్న చూసినవాళ్లు మూలంతో సహా రాసి, అది తొలగింపుకి గురికాకుండా నిలబడే అవకాశం రెండు రెట్లకు పైగా పెరిగింది. నిబంధన పేజీ సాధించలేనిది ఒక్క ప్రశ్న సాధించింది, ఎందుకంటే అది అవసరమైన క్షణంలో వచ్చింది.

2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియాకి ఏది సరిపోతుందన్నది నాకు ముఖ్యం. ఇక్కడ మొదటి అడ్డంకి నిబంధనల కంటే ముందే వస్తుంది: తెలుగులో టైపు చెయ్యడం. ఫోన్‌లో అలవాటున్నవాళ్లు కూడా కంప్యూటర్ ముందు తడబడతారు. వికీలోనే లిప్యంతరీకరణ (ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది), ఇన్‌స్క్రిప్ట్ (నేరుగా తెలుగు అక్షరాల మీటలుండేది) కీబోర్డులు ఉన్నాయి, కంట్రోల్, ఎం కలిపి నొక్కితే మారతాయి. ఈ సంగతి చెప్పాల్సింది సహాయం పేజీ అడుగున కాదు, దిద్దుబాటు పెట్టె తెరుచుకున్న చోటే.

యంత్రం సూచించే లింకుల్ని తెలుగులో గుడ్డిగా నమ్మకూడదు. 'శ్రీకాకుళంలో' అన్నప్పుడు ఊరి పేరు అలాగే ఉంటుంది, 'శ్రీకాకుళానికి' అనగానే రూపమే మారిపోతుంది. విభక్తులతో పేర్లు ఇలా మారే భాషలో సూచనలు తగ్గుతాయి, కొన్ని తప్పుతాయి. అందుకే మనకి అచ్చుతప్పులు, మూలాలు, ఊరి పేజీలకి ఫొటోలు లాంటి పనులు ముందు పెడితే మేలు. వాటిని తెలుగు చదివే ఎవరైనా టెన్షన్ లేకుండా చెయ్యగలరు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను చిన్న పనులు, ఎడిట్ చెక్ ఉన్న జతనే ఎంచుకుంటాను. నిద్రపోని సాయం అది, నలుగురు నిర్వాహకులున్న వికీలో అర్ధరాత్రి వచ్చినవాళ్లకీ అందుతుంది. రెండోది ఎంచుకునే వీలుంటే మెంటర్లు. కానీ కొద్దిమందే చాలు, నిజంగా జవాబిచ్చేవాళ్లే ఉండాలి. ఊరెళ్లేటప్పుడు అందుబాటులో లేమని గుర్తు పెట్టుకునే వీలు మెంటర్లకి ఉంది, దాన్ని తప్పక వాడాలి. తెలుగు వికీలో అందరూ చర్చించుకునే పేజీ అయిన రచ్చబండలో కొత్తవాళ్లని అడగమనడం మెంటర్లు లేని లోటు తీర్చదు. అక్కడ పాతవాళ్లు విధానాల మీద చర్చించుకుంటుంటే, 'ఫొటో ఎలా ఎక్కించాలండీ' అని మధ్యలో అడగడానికి ఎవరికైనా మొహమాటమే.

పాఠాన్ని పూర్తిగా తీసెయ్యమని నేననను. కాలేజీలో వికీ శిక్షణా శిబిరం పెట్టినప్పుడు, ముప్పైమంది ఒకేసారి కూర్చున్నప్పుడు అది పనికొస్తుంది, పక్కన చెప్పేవాళ్లు ఉంటారు కాబట్టి. ఇంట్లో ఒంటరిగా ఖాతా తెరిచినవాళ్ల దారికి మాత్రం అడ్డం పెట్టకూడదు.

ఇవన్నీ పెట్టినా ఒకటి మిగిలిపోతుంది: మార్పు తీసేసేటప్పుడు రాసే సందేశం. 'మూలం లేదు' అన్న రెండు ముక్కల బదులు, 'మీరు చేర్చిన సమాచారానికి పత్రికో పుస్తకమో ఏదైనా ఆధారం ఇస్తే తిరిగి పెట్టొచ్చండి' అని వాళ్ల చర్చ పేజీలో రాయాలి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పాత వాడుకరులు ఇవాళే మొదలుపెట్టొచ్చు.