రోమ్‌లో అడుగడుగునా చలివేంద్రమే

జర్మనీలోని డ్రెస్డెన్‌లో సివిల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మొదటి సెమిస్టర్ పరీక్షలయ్యాక, మార్చి మొదట్లో బెర్లిన్ నుంచి చౌకగా విమానం టికెట్ దొరికితే రోమ్ వెళ్లొచ్చాను. మూడు రాత్రులు, ఒక్కదాన్నే. లెక్క చూసుకుని ఖర్చుపెట్టే స్టూడెంట్స్‌కి, మాంసం తినని వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ధరలన్నీ నేను వెళ్లినప్పటివి.

ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీ స్టేషన్‌కి ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది, 14 యూరోలు. బస్సుకి అందులో సగం. నేను బస్సే ఎక్కాను, గంట పట్టింది. ఊళ్లో 1.50 యూరోల టికెట్ 100 నిమిషాలు చెల్లుతుంది. బస్సెక్కగానే మెషీన్‌లో పెట్టి ముద్ర వేసుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే. నేను మాత్రం ఎక్కువగా నడిచాను. రోమ్ నడవాల్సిన ఊరు.

టెర్మినీ దగ్గర హాస్టల్లో దిగాను. ఆరు పడకల ఆడవాళ్ల గది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లకి లోటు లేదు, వంటగది ఉంది. బుకింగ్‌లో కట్టింది కాక రాత్రికి ఇంత అని సిటీ ట్యాక్స్ అక్కడ మళ్లీ కట్టాలి, అది ఊరి నియమం. నాకు కష్టమనిపించింది వేరే సంగతి. గది ఖాళీ చేశాక బ్యాగు ఉచితంగా పెట్టుకోవచ్చని బుకింగ్ పేజీలో ఉంది. ఆఖరి రోజు గంటల లెక్కన డబ్బు అడిగారు. పేజీ తెరిచి చూపిస్తే అది పాతదన్నారు. రాసినమాట మీద నిలబడకపోవడం నాకు నచ్చలేదు. మీరు వెళ్లేచోట ముందే మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

మొదటి సాయంత్రమే దాహమై నీళ్ల బాటిల్ కొందామని చూస్తుంటే, వీధి మలుపులో బూడిదరంగు ఇనప స్తంభం ఒకటి కనబడింది. నడుమెత్తు ఉంటుంది. వంకర గొట్టంలోంచి నీళ్లు ఆగకుండా పడుతున్నాయి. ఒక పెద్దాయన వచ్చి గొట్టం చివర బొటనవేలుతో మూశాడు. వెంటనే గొట్టం వంపు మీదున్న చిన్న చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్మాయి. వంగి నాలుగు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. నేనూ అలాగే తాగాను. మంచులా ఉన్నాయి, మంచి రుచి.

వీటిని నజోనీ అంటారు, అంటే పెద్ద ముక్కులు. 1870ల నుంచి పెడుతున్నారు. ఇప్పుడు ఊరంతా కలిపి దాదాపు 2,500 ఉన్నాయట. తెనాలిలో మా తాతయ్య ప్రతి ఎండాకాలం కొట్టు ముందు పందిరేసి, రెండు కుండలు పెట్టి చలివేంద్రం నడిపేవారు. ఇక్కడ ఊరికి ఊరే పన్నెండు నెలలూ చలివేంద్రం నడుపుతోంది. మూడు రోజుల్లో ఒక్క బాటిల్ కూడా కొనలేదు.

నీళ్ల మీద మనసు పడటంతో మిగతా ఊరు కూడా అలాగే చూశాను. ట్రేవీ ఫౌంటెన్‌కి పొద్దున్నే, జనం రాకముందు వెళ్లండి. అందరూ నాణేలు విసరడం మీదే ఉంటారు గానీ, పైన గోడ మీద రెండు శిల్పాలున్నాయి. ఒకదాంట్లో ఓ అమ్మాయి సైనికులకి ఊట చూపిస్తుంటుంది. రెండోదాంట్లో ఆగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్ప ఆ నీళ్లు ఊళ్లోకి తెచ్చే కాలువ కట్టడానికి ఒప్పుకుంటుంటాడు. ఆ అమ్మాయి వల్లే 'కన్య నీరు' అని పేరొచ్చిందని చెప్పే ఆ కాలువని అగ్రిప్ప క్రీ.పూ. 19లో కట్టించాడు. ఫౌంటెన్ పూర్తయింది 1762లో. మధ్యలో పాడై, బాగుపడి, ఆ కాలువ ఇవాళ్టికీ నీళ్లు తెస్తోంది.

అక్కడికి పది నిమిషాల నడకలో పాంథియాన్ అనే పాత రోమన్ గుడి. నుదుటి మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు ఆ అగ్రిప్పదే. ఆయన కట్టించింది కాలిపోతే, సుమారు క్రీ.శ. 126 నాటికి హేడ్రియన్ చక్రవర్తి మళ్లీ కట్టించి పేరు మాత్రం పాతదే ఉంచాడు. టికెట్ 5 యూరోలు. రోమ్‌లో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత విలువైంది మరొకటి లేదు. గుమ్మటం వెడల్పు 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. ఇనప చువ్వ ఒక్కటి లేని కాంక్రీట్. కింద ఆరు మీటర్ల పైచిలుకు మందం, పైన నడిమధ్యలో ఆకాశానికి తెరిచి ఉంచిన కంత దగ్గరికొచ్చేసరికి 1.2 మీటర్లు. కింద బరువు రాళ్ల ముక్కలు కలిపి, పైకెళ్లేకొద్దీ తేలికవి వాడి, చివర ప్యూమిస్ రాయి వేశారు. క్లాసులో ఇది చదివాను. కానీ ఆ రోజు వాన పడుతోంది. కంతలోంచి చినుకులు నిటారుగా దిగి పాలరాతి మీద పడి, నేలలోని చిన్న చిన్న రంధ్రాల్లోకి జారిపోతున్నాయి. ఎక్కడా నీళ్లు నిలవలేదు. గంటన్నర అక్కడే ఉండిపోయాను.

కొలోసియం విషయంలో జాగ్రత్త. అధికారిక సైట్‌లో టికెట్ 18 యూరోలు, అందులోనే పక్కనున్న ఫోరం శిథిలాలు, పాలటైన్ కొండ కూడా వస్తాయి. టికెట్లు ముందే అయిపోతాయి. నేను ఆలస్యం చేసి వేరే సైట్‌లో రెట్టింపు పెట్టి కొన్నాను. 'గైడ్‌తో' అన్నారు గానీ గేటు దగ్గర టికెట్ చేతికిచ్చి పంపేశారు. 25 ఏళ్ల లోపు వాళ్లకిచ్చే తగ్గింపు యూరోపియన్ యూనియన్ పౌరులకే, మన స్టూడెంట్ వీసాకి రాదు. వాటికన్ మ్యూజియంలో మాత్రం 25 దాకా స్టూడెంట్ కార్డు చూపిస్తే తగ్గిస్తారు. వెళ్లండి, కానీ అందులోని సిస్టీన్ చాపెల్‌లో జనం తోపులాటకి సిద్ధపడండి. సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి.

కొలోసియం రాళ్ల నిండా గుంటలుంటాయి. రాళ్లని పట్టి ఉంచిన ఇనప కొక్కేల్ని మధ్యయుగంలో పీక్కుపోయిన గుర్తులవి. అవి చూడండి.

డబ్బు పెట్టకుండా చూసేవాటిలో నాకు బాగా నచ్చింది సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చి. చిత్రకారుడు కరవాజ్జో వేసిన, ఏసు శిష్యుడు మత్తయి బొమ్మలు మూడున్నాయి. చీకటి మూల. పెట్టెలో నాణెం వేస్తే దీపాలు వెలుగుతాయి, కాసేపటికి ఆరిపోతాయి. ఆరినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంకో నాణెం వేస్తున్నారు. ఒకసారి నేనూ వేశాను.

తిండికి ఇబ్బంది లేదు. ముక్కలుగా కోసి తూకం మీద అమ్మే పిజ్జా కొట్లు వీధికొకటి. బంగాళదుంప పిజ్జా అడగండి. సుప్లీ అనే అన్నం ఉండల్లో తరచు మాంసం ఉంటుంది, అడిగి తినండి. కాఫీ నిలబడి తాగితే చౌక, కూర్చుంటే రేటు మారుతుంది. కారం మీదకి మనసు పోతే టెర్మినీ దగ్గరే ఎస్క్విలీనో మార్కెట్ ఉంది. బంగ్లాదేశ్ వాళ్ల దుకాణాల్లో బెండకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర దొరికాయి. హాస్టల్ వంటగదిలో టమాటా పచ్చడి, అన్నం చేసుకున్నాను.

ఆఖరి పొద్దున బాటిల్ నింపుకుంటూ తాతయ్యకి వీడియో కాల్ చేశాను. బొటనవేలు పెట్టి నీళ్లు పైకి చిమ్మడం చూపించాను.

"రాత్రిపూట కూడా కట్టరా అమ్మాయ్?"

"కట్టరు తాతయ్యా. 2017లో కరువొచ్చినప్పుడు మాత్రం కొన్ని కట్టేశారట."

"మరి వాటి కింద గ్లాసు పెట్టలేదేం?"

గ్లాసెందుకు, చెయ్యి పట్టి తాగొచ్చని చూపించాను. ఇంకోసారి చూపించమన్నారు.