ఐపీలు కదపకుండా ఫైర్‌వాల్: బ్రిడ్జ్ పద్ధతిలో రెండున్నరేళ్లు

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కంప్యూటర్ల బాధ్యత నాది. రూటర్ ఇంటర్నెట్ ఇచ్చినవాళ్లది, దాని సెట్టింగులు మన చేతిలో లేవు. కాటా కంప్యూటరుకూ కెమెరాలకూ బిల్లింగు సర్వరుకూ ఎప్పుడో ఎవరో చేత్తో ఇచ్చిన ఐపీలు (నెట్‌వర్క్ చిరునామాలు) ఉన్నాయి. వాటిని కదిపితే తూకం ఆగుతుంది, తూకం ఆగితే లారీలో ఐసు కరుగుతుంది. అందుకే నాలుగు ఇంటెల్ పోర్టులున్న, ఫ్యాను లేని చిన్న పెట్టె కొని, ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ (రాకపోకలను వడకట్టే) సాఫ్ట్‌వేర్ వేసి, రూటర్‌కూ స్విచ్‌కూ నడుమ బ్రిడ్జ్‌గా, అంటే ఐపీలు మార్చకుండా రెండు వైపులనూ కలిపే వంతెనలా, పెట్టాను. కాలువకు తూము కట్టినట్టే: నీటి దారి మారదు, తలుపు ఎంత ఎత్తాలో మాత్రం మనం చూసుకోవచ్చు.

మొదటి రాత్రి నా తొందరే నన్ను ముంచింది. లోపలికి వెళ్లే వేరే దారి చూసుకోకుండా రెండు పోర్టుల ఐపీలూ తీసేశాను. ఇక పెట్టె తెర మీదకు రాదు. మానిటరు, కీబోర్డు మోసుకొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు బ్రిడ్జ్‌కే ఒక ఐపీ ఉంది, గేట్‌వే (బయటికి దారి) పాత రూటరే. ఆపదలో పనికొస్తుందని మూడో పోర్టును బ్రిడ్జ్‌లో కలపకుండా వేరే ఐపీతో ఉంచాను.

ట్యూనబుల్స్ అనే లోతు సెట్టింగుల పట్టికలో పీఫిల్ బ్రిడ్జ్ విలువ 1, పీఫిల్ మెంబర్ విలువ 0 చేస్తే రూల్సన్నీ బ్రిడ్జ్ మీదే రాసుకోవచ్చు. నాట్ (చిరునామాలు మార్చే పని), పెట్టెలోని డీహెచ్‌సీపీ సర్వరు (ఐపీలు పంచేది) ఆపేయాలి. వాన్ (రూటర్) వైపు ప్రైవేటు చిరునామాలను అడ్డుకునే టిక్కు తీయడం మరిచిపోకండి. ముందున్న రూటర్‌దీ 192.168 వరుసే కదా. ఇవన్నీ చేశాక కూడా ఆఫీసు ఫోన్లకు రూటర్ నుంచి ఐపీ రాలేదు. ఐపీ అడిగే ఫోను చిరునామా అప్పటికింకా 0.0.0.0. నా రూలు మాత్రం లోపలి వరుస చిరునామాలనే వదులుతోంది. ఐపీ అడగడానికీ ఇవ్వడానికీ వాడే 67, 68 నంబరు పోర్టులకు రెండు వైపులా విడిగా దారి ఇచ్చాక కుదిరింది. దీనికి ఒక ఆదివారం పోయింది.

అసలు గండం ఆరు నెలల తర్వాత వచ్చింది. నెట్ నెమ్మదిగా ఉందని ఎవరో రూటర్ నుంచి స్విచ్‌కు ఇంకో కేబులు నేరుగా కలిపారు. లూపు పడి, డేటా అదే చుట్టులో తిరుగుతూ, ప్లాంటు మొత్తం స్తంభించింది. లూపు పడకుండా చూసే స్పానింగ్ ట్రీ ఆన్ చేశాను, రూటర్‌లో మిగిలిన పోర్టులకు టేపు కూడా అంటించాను. టేపు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

వేగం తగ్గినట్టు మాకైతే తెలియలేదు. ఏటా జనవరిలో, జూలైలో పెద్ద అప్‌డేట్లు వస్తాయి. రీబూట్ అయ్యేదాకా నెట్ ఉండదు కనుక, కాలువలు కట్టేసే రోజులు చూసుకుని పూడిక తీసినట్టు, సరుకు రాని పూట చూసుకుంటాను. ఒకే స్విచ్ మీదున్న రెండు కంప్యూటర్ల మధ్య నడిచేది ఈ పెట్టె దాకా రానే రాదు. లోపల పుట్టిన వైరస్‌ను ఇది ఆపుతుందని ఆశపడవద్దు. రూటర్ మీ చేతిలో ఉండి, ఐపీలు మార్చగలిగితే బ్రిడ్జ్ జోలికి పోకుండా మామూలు పద్ధతిలో పెట్టుకోండి.

పోయిన వర్షాకాలం పెట్టెలోని డిస్కు పోయింది. నేను ఊళ్లో లేను. ఫోనులో గుమాస్తా గారికి చెబితే, “ఈ రెండు తీగలూ పీకి స్విచ్‌ను రూటర్‌కు కలిపేయడమేగా బాబూ” అన్నారు. అంతే. ఒక్క ఐపీ మార్చకుండా, కొత్త డిస్కు వచ్చేదాకా వారం రోజులు కాటా నడిచింది, కాపలా లేకుండా.