పెద్ద రంధ్రాలున్న చెక్కపై గుడ్డతో పట్టించే వార్నిష్: కొన్నేళ్లు వాడాక

రాసుకునే బల్లకు వాడిన పైచెక్క ఏ జాతిదో ఇప్పటికీ తేల్చలేను. ముదురు గోధుమరంగు, మంచి బరువు, ఓక్‌లో ఉన్నట్టు కంటికి కనిపించే పొడుగాటి రంధ్రాలు. దానిమీద ఆయిల్ వార్నిష్‌ను సగానికి సగం టర్పెంటైన్‌తో పలుచన చేసి గుడ్డతో పట్టించాను. రోజూ వాడిన మీదట నా మాట: రాతబల్లకైతే మళ్లీ ఇదే వేస్తాను, భోజనాల బల్లకైతే వేయను.

ముందు అదే చెక్క తుంపుల మీద పరీక్షలు చేశాను. తెలియని కలపకు ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. టర్పెంటైన్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడిస్తే పాలిష్ పడ్డాక రంగు ఎలా ఉంటుందో దాదాపు తెలిసిపోతుంది. మందపాటి పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పాలిష్) కోటు రంధ్రాల దగ్గర గుంటలు పడి, వెలుతురులో ప్లాస్టిక్ అతికించినట్టు కనిపించింది. ఒట్టి లక్క పాలిష్ అందంగానే వచ్చింది కానీ వేడి కప్పు పెడితే తెల్ల మచ్చ తేలింది. ఇక వార్నిష్‌ను నేరుగా వేసిన ముక్క మర్నాటికి కూడా జిగటగానే ఉంది. రోజ్‌వుడ్ లాంటి కొన్ని చెక్కల్లో సహజంగా ఉండే నూనెలు వార్నిష్‌ను తొందరగా ఆరనివ్వవు, ఇదీ ఆ కోవదే అనిపించింది. మైనం తీసిన లక్కను స్పిరిట్‌లో కలిపి ముందుగా ఒక పలుచని కోటు వేశాక ఆ బెడద పోయింది. మైనం ఉన్న మామూలు లక్క వేస్తే పై కోటు సరిగా పట్టకపోవచ్చు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

వాడకంలో బాగా నచ్చింది రిపేరు సులువు. మోచేతులు ఆనే అంచు దగ్గర మెరుపు తగ్గింది. 400 నంబరు సాండ్ పేపర్‌తో మెల్లగా రుద్ది, మళ్లీ ఒక పలుచని చేయి వేస్తే పాతదానిలో కలిసిపోయింది. పీయూ అయితే ఆ అతుకు కనబడుతుంది.

నచ్చనిది దుమ్ము. రంధ్రాలు తెరిచే ఉంటాయి కదా, రబ్బరు పొట్టంతా వాటిలోనే చేరుతుంది. మెత్తని బ్రష్‌తో చారల వెంబడి ఊడిస్తే వస్తుంది. తెల్లటి మైనం పాలిష్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, రంధ్రాల్లో తెల్లగా ఎండిపోయి పెద్ద తలనొప్పి.

పప్పూ పులుసూ ఒలికే బల్లకు ముందు రంధ్రాలు పూడ్చాల్సిందే. ఫిల్లర్ చెక్క కంటే కాస్త ముదురు రంగుది తీసుకుంటే సహజంగా ఉంటుంది. ఆరాక కుంగుతుంది కాబట్టి రెండోసారి కూడా నింపాలి.

ఇంకోటి, వార్నిష్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటికి వాటంతటవే నిప్పంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడ్డాకే పారేయాలి.