గ్లాస్గోలో నాలుగు రాత్రులు, అయిదు ఆల్బమ్‌లు

స్కాట్లండ్‌కు వెళ్లేవారిలో చాలామంది ఎడిన్‌బరో కోట చూసుకుని, అటునుంచి అటే ఉత్తరాది కొండల వైపు సాగిపోతారు. గ్లాస్గో అక్కడికి రైలులో గంటలోపు ప్రయాణమే అయినా దానికి ఒక పూటకు మించి కేటాయించరు. నేను మాత్రం నిరుడు అక్టోబరులో కోటను వదిలేసి, నాలుగు రాత్రులూ గ్లాస్గోలోనే గడిపాను. పెద్ద సంగీత కంపెనీల నీడలో కాకుండా ఎదిగిన బ్యాండ్ల సంగీతం, ఇండీ రాక్, నాకు కొత్త కాదు గాని, ఆ ఊరి బ్యాండ్లను వరసపెట్టి విన్నది అక్కడే. 2008లో యునెస్కో ఈ నగరాన్ని సంగీత నగరంగా గుర్తించింది. ఆ బిరుదుకన్నా నాకు అక్కరకు వచ్చింది, పాటలు పుట్టిన చోట్లూ వాటిని పాడే హాళ్లూ ఓపికున్నవారు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉండడం.

బస విషయంలో మొదట పొరపాటు చేశాను. నగరానికి పడమటనున్న వెస్ట్ ఎండ్‌లో, హిల్‌హెడ్ స్టేషనుకు దగ్గరలో, పాత రాతి భవనం పై అంతస్తులో ఒక గది ఫోటోలలో అందంగా కనిపించడంతో రెండు రాత్రులకు తీసుకున్నాను. లిఫ్టు లేదన్న సంగతి ప్రకటనలో ఎక్కడో అడుగున రాసి ఉంది. హీటరు రాత్రి పదకొండుకు తనంతట తానే ఆగిపోతుందన్న సంగతి ఎక్కడా రాసి లేదు. చివరి రెండు రాత్రులకు ఊరి నడిబొడ్డున, ఏ దేశంలోనైనా ఒకేలా ఉండే ఒక హోటలుకు మారాను. గుర్తుంచుకోవడానికి అందులో ఏమీ లేదు, కాని కచేరీ ముగిశాక పావుగంటలో పక్క మీద వాలిపోవచ్చు. పగలు తిరగడానికి వెస్ట్ ఎండ్, రాత్రి పడుకోవడానికి నగర కేంద్రం అన్నది నా లెక్క.

రెండో రోజు మధ్యాహ్నం మోనో అనే కేఫ్‌కు వెళ్లాను. దానిలోనే మోనోరైల్ అనే రికార్డుల దుకాణం ఉంది. 2002లో మొదలైన ఆ దుకాణాన్ని నడిపేవారిలో ది పాస్టెల్స్ బ్యాండు గాయకుడూ ఒకరు. మెత్తగా ఉండాలి గాని నిద్రపుచ్చకూడదు, గిటారు వినిపించాలి, పాటలో కథ ఉండాలి అని కౌంటరు దగ్గరున్న కుర్రాడికి చెప్పాను. అతడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అరల మధ్యకు వెళ్లి, మూడు ఎల్పీలు తెచ్చి పేకముక్కల్లా నా ముందు పరిచాడు. టీ తెప్పించుకుని ఆ మూడింటినీ ఫోనులో వెతికి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే సాయంత్రమైపోయింది.

మొదటిది బెల్ అండ్ సెబాస్టియన్ వారి టైగర్‌మిల్క్. ఈ బ్యాండు పేరు ఎప్పటినుంచో తెలిసినా, తొలి ఆల్బమ్ వినలేదని ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. 1996లో ఈ ఊరి స్టో కాలేజీలో సంగీత వ్యాపారం చదువుకునే విద్యార్థులు, తమ కోర్సులో భాగంగా నడిపే ఎలక్ట్రిక్ హనీ అనే లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) మీద దీన్ని వెయ్యి ఎల్పీలు మాత్రమే అచ్చొత్తించారు. అందరికీ అందేలా మళ్లీ విడుదలైంది 1999లో. మూడు రోజుల్లో రికార్డు చేశారన్నది వింటుంటేనే తెలుస్తుంది: అక్కడక్కడా గొంతు తడబడుతుంది, వాద్యాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అయినా పక్కింటివాళ్ల గుట్టు చెవిలో చెబుతున్నట్టుండే ఆ పాటల్ని మధ్యలో ఆపబుద్ధి కాదు. ఈ వ్యాసం చదివి ఒక్కటే వినదలచుకున్నవారు దీన్నే వినాలి.

రెండోది కెమెరా అబ్‌స్క్యూరా అనే బ్యాండు 2006లో తెచ్చిన లెట్స్ గెట్ అవుట్ ఆఫ్ దిస్ కంట్రీ. దేశం విడిచి పోదామని పేరు పెట్టి, నిజంగానే స్వీడన్ వెళ్లి రికార్డు చేసుకొచ్చారు. మొదటి పాట ఆర్గన్ మోతతో పండుగలా మొదలవుతుంది గాని, గాయని గొంతులోని దిగులు ఆ పండుగను ఎక్కువసేపు నిలవనివ్వదు. పాప్ సంగీతం అంటే ముఖం చిట్లించేవారికి ముందుగా వినిపించవలసినది ఇదే. మూడోది ది పాస్టెల్స్ వారి స్లో సమిట్స్, 2013 నాటిది. శ్రద్ధగా అల్లిన సంగీతమే, కాని నేను అడిగిన కథ అందులో నాకు దొరకలేదు.

హాళ్లలో కింగ్ టట్స్ వా వా హట్ మూడు వందల మందికే సరిపోతుంది. తరువాత పెద్ద పేరు తెచ్చుకున్న ఒయాసిస్ బ్యాండు, 1993 మే 31న క్రియేషన్ రికార్డ్స్ అనే లేబుల్ అధిపతి కంటపడింది ఇక్కడే. పైకెక్కే మెట్ల మీద ఏ సంవత్సరంలో ఎవరెవరు వాయించారో పేర్లు రాసి ఉంటాయి. వాటిని చదువుకుంటూ ఆగిపోతే వెనకవాళ్లు దగ్గుతారు. ఆ రాత్రి వాయించిన బ్యాండు గురించి చెప్పుకోవలసింది తక్కువ. టికెట్టు మీద ఉండేది తలుపులు తెరిచే వేళ మాత్రమేనని, అసలు బ్యాండు ఆ తరువాత రెండు గంటలకుగాని రాదని కొత్తవారు గమనించాలి.

బారోలాండ్ బాల్‌రూమ్ సంగతి వేరు. 1934లో నృత్యశాలగా తెరిచారు, 1958లో కాలిపోయింది, 1960లో మళ్లీ లేచింది. రంగురంగుల నియాన్ బోర్డు వీధి మొదటినుంచే కనిపిస్తుంది. నాట్యం కోసం వేసిన స్ప్రింగు నేల కావడంతో జనం ఎగిరినప్పుడు, మనం కదలకుండా నిలబడినా మోకాళ్లు వాటంతట అవే లేచి పడతాయి. ఆ అదురును హెడ్‌ఫోన్లలో వెతుక్కునేవారికి మాగ్వాయ్ బ్యాండు వారి యాజ్ ది లవ్ కంటిన్యూస్ సరిపోతుంది. మాటలు అతి తక్కువగా ఉన్న ఈ ఆల్బమ్ 2021లో బ్రిటన్ ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

ఈ ఊరి సబ్‌వే, అంటే భూగర్భ రైలు, 1896 నాటిది. పదిహేను స్టేషన్లతో గుండ్రంగా తిరిగే ఒకే ఒక లైను. ఒక చుట్టుకు ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది, అంటే ఎల్పీలో ఒక వైపు పాటలు హాయిగా పూర్తవుతాయి. దాన్ని నమ్ముకుని ఆదివారం సాయంత్రం ఆరున్నరకు హిల్‌హెడ్ స్టేషనుకు వెళ్లేసరికి గేటు మూసి ఉంది. అప్పట్లో ఆదివారాలు ఆరు దాటగానే రైళ్లు ఆగిపోయేవని చూసుకోకపోవడం నా తప్పే. బస్సు కోసం నిలబడకుండా, సన్నగా వాన పడుతున్నా నడక మొదలుపెట్టి, ది బ్లూ నైల్ బ్యాండు వారి హ్యాట్స్ ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్లలో పెట్టుకున్నాను. 1989 నాటి ఈ ఆల్బమ్‌లో ఉన్నవి ఏడే పాటలు. నిదానమైన సింథసైజరు, గడియారంలా కొట్టుకునే డ్రమ్ మెషీను, వాటి మధ్య తొందరలేని గొంతు. తడి రోడ్డు మీద సిగ్నల్ ఎరుపు సాగి, పచ్చగా మారి, మళ్లీ ఎరుపయ్యేలోపు ఆ గొంతు ఒక్క వాక్యమే పూర్తిచేస్తుంది. ఇంట్లో రెండుసార్లు మొదలుపెట్టి, నత్తనడక అనుకుని పక్కన పెట్టినది ఇదే. చివరి పాట అయిపోయేసరికి హోటలు ఇంకా రెండు వీధుల అవతల ఉంది. దాన్నే మళ్లీ పెట్టుకున్నాను.

మర్నాడు ఊరు విడిచే ముందు టైగర్‌మిల్క్, హ్యాట్స్ ఎల్పీలు రెండూ కొన్నాను. విమానంలో తెచ్చుకునేవారు దుకాణంలో రెండు అట్టలు అడిగి తీసుకుని, రికార్డులను వాటి మధ్య ఉంచి, చేతి పెట్టెలో వెనక పలకకు ఆనించి, ముందు మెత్తని బట్టలు సర్దుకోవాలి. నేను అలా చేసినది హ్యాట్స్‌కు మాత్రమే. టైగర్‌మిల్క్ అట్టకు కుడి మూల నలిగింది.